స్టేజీ మీద పుట్టిన బడి, ఓపీ గదిలో మారిన తీరు: ఒక హిప్నోథెరపీ శిక్షణ కేంద్రం కేస్ స్టడీ

మా వృత్తిలో కేసు అంటే సాధారణంగా ఒక మనిషి. ఇక్కడ కేసు ఒక శిక్షణ కేంద్రం. గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో హిప్నోథెరపిస్టులను, అంటే మనిషిని నిద్రలాంటి స్థితిలోకి తీసుకెళ్లి మాటలతో, సూచనలతో బాధ తగ్గించేవాళ్లను తయారుచేసే సంస్థ అది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఆ కేంద్రం నడిపే ఆయన సాయం అడిగితే వెళ్లాను, ఇప్పటికీ వెళ్తున్నాను. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరు, కాలం, కొందరి వృత్తులు గుర్తుపట్టకుండా మార్చాను. జరిగిన క్రమాన్ని, ఒక్కో నిర్ణయం వెనక ఆలోచనను మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.

రెండు రోజుల్లో థెరపిస్టు అయిపోవచ్చనే కోర్సులు ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. వాటిలో చేరేవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లు, ఎదుటివాళ్ల బాధ తగ్గించాలని నిజంగా కోరుకునేవాళ్లు. వాళ్లకి ఏం నేర్పాలి, ఎక్కడ నేర్పాలి అన్నది చాలా పెద్ద ప్రశ్న అని నా నమ్మకం. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

కేంద్రం నిర్వాహకుణ్ణి మాస్టారు అంటాను. అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. కుర్రతనంలో హిప్నాటిజం నేర్చుకుని కాలేజీ వార్షికోత్సవాల్లో, సంక్రాంతి తీర్థాల్లో, దసరా పందిళ్లలో ప్రదర్శనలు ఇచ్చేవారు. ఉల్లిపాయ చేతికిచ్చి యాపిల్ అని తినిపించడం, కుర్రాణ్ణి రెండు కుర్చీల మధ్య కర్రలా పడుకోబెట్టడం లాంటివి. తర్వాత రెసిడెన్షియల్ కాలేజీలు పెరిగాక పరీక్షల టెన్షన్ మీద, జ్ఞాపకశక్తి మీద క్లాసులు చెప్పారు. ఆ పిల్లల తల్లిదండ్రులే మెల్లగా వేరే సంగతులు అడగడం మొదలుపెట్టారు. ఒకరికి భర్త తాగుడు మానాలి, ఇంకొకరికి అత్తగారికి నిద్ర పట్టాలి, మరొకరికి గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కూతురు నలుగురిలో మాట్లాడాలి. ఒక్కరే చెయ్యలేక నలుగురికి నేర్పారు, ఆ నలుగురూ ఇంకొందరిని తెచ్చారు. ఎరువుల కొట్టు పై అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుని వారాంతాల్లో డిప్లొమా క్లాసులు పెట్టారు. చేరేవాళ్లలో ఆర్ఎంపీలు, రిటైరైన టీచర్లు, ఎల్ఐసీ ఏజెంట్లు ఎక్కువ.

ఈ మూడు దశలనూ విడిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రదర్శన, తర్వాత క్లాసు, ఆ తర్వాత చికిత్స. ఒక్కో దశ దాటినప్పుడల్లా వెనకటి దశ అలవాట్లు సిలబస్‌లో అలాగే ఉండిపోయాయి. ఆ సంగతి నాకు మొదట్లో తెలియదు. వెళ్లి కూర్చున్నాక తెలిసింది.

స్టేజీ మీద పుట్టడం చిన్నతనమేమీ కాదని మాస్టారికి మొదటే చెప్పాను. ఈ విద్యకు ఆధునిక రూపం ఇచ్చిన జేమ్స్ బ్రెయిడ్ మాంచెస్టర్‌లో సర్జన్. 1841లో లాఫాంటెన్ అనే ప్రదర్శకుడి షో చూడటానికి వెళ్లాడు, అందులో మోసం ఏదో ఉంటుందన్న అనుమానంతోనే. చూశాక ఇందులో నిజంగా శరీరానికి జరిగేది ఏదో ఉందని తోచి, సొంతంగా పరీక్షించి 1843లో పుస్తకం రాశాడు. హిప్నాటిజం అన్న మాట ప్రపంచానికి అలవాటైంది ఆయన వల్లే. అంటే స్టేజీ నుంచి వైద్యుడి గదికి దారి అప్పుడే పడింది. మాస్టారి కేంద్రం మాత్రం ఆ దారిలో సగంలో ఆగింది.

వచ్చిన సమస్య

మాస్టారు నా దగ్గరికి వచ్చింది ఒక సంఘటన తర్వాత.

యాభై దాటిన ఒక కొబ్బరికాయల దింపు కార్మికుణ్ణి అతని భార్య కేంద్రానికి తీసుకొచ్చింది. రాత్రుళ్లు నిద్ర లేదు, పగలు చెట్టెక్కాలంటే కాళ్లు వణుకుతున్నాయి. డిప్లొమా చివరి దశలో ఉన్న ఒక రిటైర్డ్ టీచరమ్మకు అతణ్ణి అప్పగించారు. ఆవిడ ఎంతో ఓపిక ఉన్న మనిషి. కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, కేంద్రం వాళ్లు ఇచ్చిన అచ్చు కాగితం చూస్తూ నెమ్మదిగా చదివారు. అందమైన సముద్రతీరం, మెత్తటి ఇసుక, పాదాలను తాకే అలలు, ఒక్కో అలతో ఇంకా లోతుకి. రెండో పేరా వచ్చేసరికి అతను రొప్పడం మొదలుపెట్టాడు. వేళ్లు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి. శ్వాస మారితే ట్రాన్స్, అంటే ఆ నిద్రలాంటి స్థితి, లోతవుతున్నట్టని ఆవిడకు క్లాసులో చెప్పారు కాబట్టి తర్వాతి వాక్యానికి వెళ్లారు. "నీళ్లొచ్చేత్తన్నాయి, నీళ్లొచ్చేత్తన్నాయి" అని అరుస్తూ అతను లేచి, కళ్లు సగమే తెరిచి మెట్ల వైపు పరుగెత్తాడు. కింద ఎరువుల కొట్టు కుర్రాళ్లు పట్టుకోకపోతే పడిపోయేవాడే.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు అతను తీరం పక్క ఊళ్లో ఉన్నాడు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అతని అన్న ఒకడు. ఈ సంగతి కేంద్రంలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. చేరేటప్పుడు నింపే ఫారంలో పేరు, ఫోన్ నంబరు, కట్టిన ఫీజు, "సమస్య" అని ఒక్క గీత, అంతే ఉన్నాయి.

ఊళ్లో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు మందు పెట్టారన్నారు. మాస్టారు వాళ్లింటికి వెళ్లి కూర్చుని మాట్లాడారు, ఫీజు వెనక్కిచ్చారు, అతణ్ణి నా దగ్గరికి పంపారు. అతని చికిత్స వేరే కథ. సైకియాట్రిస్టు మందులు, నెలల తరబడి మాట్లాడటం కలిసి నిద్ర కుదిరింది. సముద్రం ఊసు అతనే ఎత్తేదాకా మేము ఎత్తలేదు.

మాస్టారు నన్ను అడిగింది ఒక్కటే. "ఆ కాగితం మార్చేస్తే సరిపోద్దాండీ?"

సరిపోదనిపించింది. మిగతా విషయాలు అడుగుతూ పోతే ఇంకో రెండు బయటపడ్డాయి. డిప్లొమా తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత కూడా ఈ పని చేస్తున్నవాళ్లు చాలా తక్కువ. వచ్చే క్లయింట్లలో ఎక్కువమంది రెండోసారి తర్వాత రావట్లేదు. మాస్టారు ఈ రెండింటినీ సమస్యలుగా చూడలేదు. విద్యార్థులకు పట్టుదల లేదని, క్లయింట్లకు నమ్మకం లేదని అనుకున్నారు. మంచి మనసున్న విద్యార్థులు మానేస్తున్నారంటే, అవసరంతో వచ్చిన మనుషులు తిరిగి రావట్లేదంటే, తప్పు వాళ్లలో వెతికే ముందు బోధనలో వెతకాలని నేను అనుకున్నాను.

క్లాసులో కనిపించింది

సలహాలు చెప్పే ముందు క్లాసులు చూస్తానన్నాను. వెనక బల్ల మీద కూర్చుని చూస్తే రెండు వారాంతాలకే ఒక విషయం స్పష్టమైంది. మాస్టారు ఏ పద్ధతి చూపించాలన్నా ముందుకొచ్చి కూర్చునేది అదే ముగ్గురు. పాత విద్యార్థులు. ఆయన "నిద్ర" అనగానే తల వాల్చేస్తారు. చెయ్యి లేపమంటే చెయ్యి, మాట మర్చిపొమ్మంటే మాట. చూస్తున్న కొత్తవాళ్ల కళ్లు మెరుస్తాయి. అదే పద్ధతిని ఇంటికెళ్లి బావమరిది మీద చేస్తే అతను నవ్వుతాడు. చేతకానివాణ్ణని విద్యార్థి తనను తాను తిట్టుకుంటాడు. ఇలా ఏడాది గడిస్తే మానెయ్యక ఏం చేస్తాడు?

ఇక్కడ నాకు పారిస్ గుర్తొచ్చింది. సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో 1880లలో హిప్నాసిస్ మీద పాఠాలు చెప్పేటప్పుడు ఊరి పెద్దలంతా చూడటానికి వచ్చేవారు. ఆయన మహా నరాల వైద్యుడు, అందులో సందేహం లేదు. కానీ హిప్నాసిస్ విషయంలో ఆయన చూపించింది కొద్దిమంది హిస్టీరియా రోగులను, మళ్లీ మళ్లీ వాళ్లనే. ఆ రోగులకు డాక్టరు ఏం ఆశిస్తున్నారో తెలుసు. అందుకే హిప్నాసిస్‌కి మూడు మెట్లుంటాయని, అది హిస్టీరియా ఉన్నవాళ్లకే వస్తుందని ఆయన కట్టిన సిద్ధాంతం నిలబడలేదు.

అదే కాలంలో ఫ్రాన్స్‌లోనే నాన్సీ అనే ఊళ్లో లీబో అనే డాక్టరు చుట్టుపక్కల పేద రైతులకు, కూలీలకు వైద్యం చేసేవాడు. మందులు కావాలంటే ఫీజు, హిప్నాసిస్ అయితే ఉచితం అనేవాడు. వచ్చినవాళ్లను ఎంచుకోలేదు. అక్కడి విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ బెర్న్‌హైమ్ 1882లో ఆయన పని చూసి, తన ఆసుపత్రిలో మొదలుపెట్టి, ఇది జబ్బు లక్షణం కాదని, మామూలు మనుషుల్లో సూచనకు మనసు స్పందించే తీరేనని వాదించాడు. ఆ వాదనే నిలిచింది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ పారిస్‌కీ వెళ్లాడు, 1889లో నాన్సీకీ వెళ్లాడు.

రెండు బడులకూ తేడా తెలివిలో లేదు, ఎవరి మీద నేర్చుకున్నారన్న దాంట్లో ఉంది. మాస్టారికి ఈ చరిత్ర చెప్పి, "ఆ ముగ్గురు విద్యార్థులూ మీకు సాల్పెట్రియేర్ అయిపోయారండి" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. స్టేజీ మీద మొదటి పదినిమిషాలూ ఆయన చేసేది జనంలో తేలిగ్గా స్పందించేవాళ్లను ఏరుకోవడమే. అది షోకి అవసరం. అదే అలవాటు క్లాసుకి వచ్చి, చికిత్స గదిలోకీ వచ్చింది. హిప్నాసిస్‌కి ఎవరు ఎంత స్పందిస్తారో కొలిచే స్టాన్‌ఫర్డ్ స్కేళ్లు 1959లో వచ్చాక జరిగిన పరిశోధనలు చెప్పేది కూడా ఇదే. బాగా స్పందించేవాళ్లు నూటికి సుమారు పది, పదిహేను మంది. దాదాపు స్పందించనివాళ్లు కూడా కాస్త అటూఇటూగా అంతే. మిగతా అందరూ మధ్యలో. మన క్లయింట్లు ఉండేది ఆ మధ్యలోనే, మాస్టారి విద్యార్థులు ఎన్నడూ చూడనిది కూడా వాళ్లనే.

మూసెయ్యమనాలా?

ముందు తేల్చుకోవలసింది ఇది. చికిత్స కోర్సు ఆపేసి వ్యక్తిత్వ వికాసం క్లాసులకే పరిమితం కమ్మని చెప్పడం నాకు సులువు. చాలా ఆలోచించి ఆ మాట అనలేదు. అప్పటికే సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్లు ఊళ్లలో ఉన్నారు, వాళ్లకు తప్పొప్పులు చెప్పే మనిషి మాస్టారు ఒక్కరే. బడి మూస్తే కొత్తవాళ్లు ఫోన్లో దొరికే రెండురోజుల కోర్సుకి పోతారు. అన్నిటికంటే ముఖ్యం, జరిగినదాన్ని దాచకుండా బాధితుడి ఇంటికి వెళ్లి కూర్చున్న మనిషి మారగలడని నాకు నమ్మకం కలిగింది.

షరతులు మాత్రం పెట్టాను. కొత్త పద్ధతి కుదిరేదాకా విద్యార్థులు క్లయింట్లను చూడకూడదు. గోడల మీద, కరపత్రాల్లో ఉన్న షుగరు, ఫిట్స్, సంసార బలహీనత లాంటి మాటలన్నీ తీసెయ్యాలి. దీని దగ్గర ఆయన కొంచెం బిగిశారు, ఎక్కువమంది వచ్చేది ఆ మాటలు చూసే. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, అందులో ప్రకటించకూడని జబ్బుల జాబితా చూపించాను. మధుమేహం, మూర్ఛ రెండూ అందులో ఉన్నాయి. మర్నాడే ఫ్లెక్సీ దింపించారు.

ఫలించనివి

మొదట పాఠాలు పెంచాం. మానసిక జబ్బుల లక్షణాలు, ఎవరికి హిప్నాసిస్ చెయ్యకూడదు, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలి అన్నవి నేనూ, తెలిసిన ఒక సైకియాట్రిస్టూ చెప్పాం, పరీక్ష పెట్టాం. మార్కులు బాగా వచ్చాయి. అయితే మాదిరి ఇంటర్వ్యూ పెట్టినప్పుడు, పరీక్షలో జాగ్రత్తలన్నీ వరసగా రాసిన విద్యార్థే ఎదుట కూర్చున్న మనిషిని ఫిట్స్ గురించి అడగలేదు. నేరుగా "కళ్లు మూసుకోండి" అన్నాడు. కారణం ఆలోచిస్తే నాకు బెంగాల్‌లోని హుగ్లీలో పనిచేసిన సర్జన్ ఎస్డేల్ కేసు అర్థమైంది. 1845లో హిప్నాటిజానికి ముందు రూపమైన మెస్మెరిజంతో ఆపరేషన్లు మొదలుపెట్టేనాటికి ఆయన ఆ విద్యను ఎక్కడా చూడలేదు, చదివి తెలుసుకున్నాడంతే. అయినా చెయ్యగలిగాడు, ఎందుకంటే రోగిని ఎలా చూడాలి, ఎప్పుడు కత్తి పట్టాలి, ఎప్పుడు పట్టకూడదు అన్నది అప్పటికే చేతికి అలవాటైన సర్జన్ ఆయన. మన విద్యార్థుల పరిస్థితి సరిగ్గా తిరగబడి ఉంది. నిద్రపుచ్చడం చేతికొచ్చింది, రోగిని చూడటం పుస్తకంలో ఉండిపోయింది. పుస్తకం లావు చేస్తే చెయ్యి మారదు.

రెండోది, క్లయింట్లను ముందే పరీక్షించి బాగా స్పందించేవాళ్లనే తీసుకోవడం. వేళ్లు బిగించి విడదియ్యలేరని చెప్పి చూసే పరీక్ష ఉంది కదా, అది పెట్టారు. తేలిగ్గా విడదీసినవాళ్లు "నాకిది ఎక్కదంట" అని చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు. స్టేజీ అలవాటే వేరే వేషంలో తిరిగొచ్చిందని తెలిసి ఆపించాం.

మూడోది నిజంగా పనిచేస్తుందని అందరం అనుకున్నది. కాగితంలోని సముద్రతీరం, మంచు కొండలు, లిఫ్టు తీసేసి మన ప్రాంతపు దృశ్యాలతో కొత్త స్క్రిప్టులు రాశారు. కొబ్బరితోట, కాలువ గట్టు, పుష్కరాల రేవు, వరికోతల తర్వాతి చేను. చదవడానికి ఎంతో బాగున్నాయి. విద్యార్థులు ఒకరి మీద ఒకరు సాధన చేస్తుంటే కొబ్బరితోట దగ్గర ఒకాయన కళ్లు తెరిచేశాడు. ఆ తోట మీద అన్నదమ్ముల కోర్టు గొడవ నడుస్తోంది. ఇంకొకామె రేవు మాట వినగానే ముఖం తిప్పుకున్నారు. అక్కడ వాళ్ల పిల్లవాడు మునిగిపోబోయి బతికాడు. మన ఊరి దృశ్యమైనంత మాత్రాన అది ఆ మనిషికి ప్రశాంతత ఇవ్వదు. మన ఊరివాళ్ల దుఃఖాలు కూడా మన ఊళ్లోనే జరిగాయి. సముద్రం బదులు కాలువ పెట్టడం వల్ల తేడా రాదు. ఎదుటి మనిషిని అడగనంతకాలం ఏ కాగితమైనా ఒకటే.

పనిచేసింది

ఈ మూడూ అయ్యాక మాకు అర్థమైంది, సిలబస్‌ని కాదు, నేర్చుకునే చోటును మార్చాలి. పట్టణంలో ఒక ఫిజీషియన్ ఆదివారం ఉదయం తన క్లినిక్‌లో ఒక గది ఇచ్చారు. ఆయన చూసి, పరీక్షలు చేయించి, ఇది మందులతో పూర్తిగా లొంగట్లేదు అనుకున్నవాళ్లను, వాళ్లు ఒప్పుకుంటేనే, మా గదికి పంపిస్తారు. అంటే వచ్చేవాళ్లను మేము ఏరుకోము. దీన్నే మా నాన్సీ అనుకున్నాం.

విద్యార్థి మొదటి కొన్ని నెలలు ఎవరి చేతా కళ్లు మూయించడు. అడగడం ఒక్కటే పని. మునుపటి జబ్బులు, వాడుతున్న మందులు, ఫిట్స్, ఎవరికీ వినపడని మాటలు వినపడటం, బతకాలని లేదనిపించడం, తుపాను, ప్రమాదం, ఇంట్లో చావులు. ఏది తలుచుకుంటే ఊరటగా ఉంటుంది, ఏ ఊసు ఎత్తకూడదు. బీపీ కూడా చూస్తారు. ఆర్ఎంపీగా చాలా ఏళ్లు చేసిన ఒక విద్యార్థికి ఇదంతా నామోషీగా అనిపించింది. తనవెంట తెచ్చిన ఒకామె, చాలాకాలం తలనొప్పికి మాస్టారి దగ్గర రిలాక్సేషన్ చేయించుకుంటున్నావిడ, ఆవిడ బీపీ ఆ రోజు ఎంత ఎక్కువ ఉందంటే ఫిజీషియన్ అక్కడికక్కడే మందు మొదలుపెట్టారు. ఆ తర్వాత అతను అడగడం మానలేదు.

ఆపే సైగ కూడా పెట్టాం. మొదలుపెట్టే ముందే క్లయింటు చేత కుడిచెయ్యి రెండుమూడుసార్లు ఎత్తించి, ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఇలా ఎత్తండి, అడగకుండా ఆపేస్తాం అని చెప్పాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఇది స్టేజీ పాఠాన్ని వేళ్లతో సహా పెరికింది, ఎందుకంటే అక్కడ శక్తి అంతా చేసేవాడిది. గోవాలో పుట్టిన అబే ఫారియా 1813లో పారిస్‌లో బహిరంగంగా చేసి చూపించి చెప్పింది దీనికి ఎదురు మాట. శక్తి నిద్రపుచ్చేవాడిలో లేదు, నిద్రపోయేవాడి మనసులో ఉంది అన్నాడాయన. మాస్టారికి ఆ మాట చాలా నచ్చింది. ఫారియా గోవావాడని తెలిసి ఇంకా నచ్చింది.

ఒక కేసు కాస్త దగ్గర నుంచి చెప్తాను. రోజూ బస్సులో వేరే ఊరెళ్లి పాఠం చెప్పే ఒక లెక్చరరు. బస్సెక్కేముందు కడుపు నొప్పి, విరేచనం. దారిలో ఎక్కడ దిగాల్సి వస్తుందోనని సగం రోజులు సెలవే. గ్యాస్ట్రో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అన్నారు, ఏడాదికి పైగా మందులు వాడినా గుణం తక్కువ. హిప్నాసిస్‌కి గట్టి ఆధారం ఉన్న జబ్బుల్లో ఇదొకటి. మాంచెస్టర్‌లో వోర్వెల్ బృందం 30 మంది మీద చేసిన ప్రయోగం 1984లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఏడాది మందులకు లొంగనివాళ్ల విషయంలో హిప్నోథెరపీని ఆలోచించవచ్చని బ్రిటన్‌లో చికిత్సలకు ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. కాబట్టి ఇక్కడ మొదలుపెట్టడానికి మాకు ధైర్యం ఉంది.

అతని దగ్గర కూర్చున్నది అదే టీచరమ్మ. దింపు కార్మికుడి సంఘటన తర్వాత మానేస్తానన్న ఆవిణ్ణి మాస్టారు మానొద్దన్నారు. ఆవిడ కాగితం తియ్యలేదు. "కడుపులో ఎలా ఉంటుంది బాబూ, నీ మాటల్లో చెప్పు" అన్నారు. "కాలువ కట్టేసినట్టుంటుందండి, మళ్లీ ఒక్కసారిగా వదిలేసినట్టుంటుంది" అన్నాడు. వాళ్ల నాన్న లాకుల దగ్గర లస్కరు. చిన్నప్పుడు లాకు తలుపులు ఎత్తడం రోజూ చూశాడు. ఎలా ఎత్తేవారని ఆవిడ అడిగితే చాలాసేపు చెప్పాడు. ఒక్కసారి ఎత్తరు, కొద్దికొద్దిగా తిప్పుతారు, అటూ ఇటూ నీళ్లు ఒక మట్టానికి వచ్చాకే పడవ కదులుతుంది. చెబుతుంటేనే అతని భుజాలు దిగాయి. ఆవిడ చేసిందల్లా అతను చెప్పిన మాటలనే, అతను చెప్పిన వరసలోనే, కళ్లు మూసుకున్నాక తిరిగి నెమ్మదిగా చెప్పడం. చేతిని పొట్ట మీద పెట్టించి, చక్రం తిప్పే వేగం అతన్నే ఎంచుకోమన్నారు. అతను వేళ్ల పరీక్షలో తేలిగ్గా విడదియ్యగల మనిషే. పాత పద్ధతిలో ఐతే గుమ్మంలోంచే పంపేసేవారు.

జబ్బు పూర్తిగా పోలేదు. నొప్పి వచ్చే రోజులు తగ్గాయి, సెలవులు బాగా తగ్గాయి, ఇంట్లో రోజూ సొంతంగా సాధన చేస్తున్నాడు. అతని అనుమతితో చేసిన రికార్డింగును శనివారం చర్చలో అందరం కలిసి విన్నాం. ఎక్కడ ఆగారు, ఎక్కడ తొందరపడ్డారు అని ఒక్కో వాక్యం దగ్గర ఆపి మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆ కేంద్రంలో అన్నిటికంటే ఎక్కువమంది హాజరయ్యే క్లాసు ఆ శనివారం చర్చే.

దీనికి చెల్లించిన ధర కూడా చెప్పాలి. చేరేవాళ్లు తగ్గారు, ఆదాయం తగ్గింది. రెండు గదుల్లో ఒకటి ఖాళీ చేశారు. "కుర్చీల మధ్య పడుకోబెట్టడం తీసేస్తే ఎవరొస్తారండీ?" అని మాస్టారు నన్ను బాధగానే అడిగారు. నిజమే, కొందరు రావడం మానేశారు. పూర్వజన్మలు చూపించే క్లాసు కావాలని పట్టుబట్టినవాళ్లూ వెళ్లిపోయారు. హిప్నాసిస్‌లో వచ్చే జ్ఞాపకం మీద మనిషికి నమ్మకం పెరుగుతుందే తప్ప అది నిజమయ్యే అవకాశం పెరగదు. ఊహను జ్ఞాపకంగా నమ్మించే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరు ఎవరికి అన్యాయం చేశారన్న అనుమానాలు అలా పుడితే సంసారాలే పోతాయి. ఈ విషయంలో మాస్టారూ నేనూ మొదటి రోజు నుంచీ ఒకే మాట మీద ఉన్నాం.

పాఠాలు

ఒక శిక్షణ కేంద్రాన్ని చూడమని ఎవరైనా అడిగితే నేనిప్పుడు సిలబస్ కంటే ముందు దాని చరిత్ర అడుగుతాను. మొదట ఏం చేసి పేరు తెచ్చుకుంది, ఎవరి మీద ఆ పని చేసింది? దాని లోపాలు సాధారణంగా అక్కడే దొరుకుతాయి. ఆసుపత్రిలో పుట్టిన బడికి వేరే లోపాలుంటాయి, ఓపిక తక్కువ కావచ్చు, మనిషి కంటే జబ్బునే చూడవచ్చు. స్టేజీ మీద పుట్టినదానికి ఇవి.

రెండోది, విద్యార్థి ఎంత బాగా నిద్రపుచ్చుతున్నాడన్నది కొలత కాకూడదు. ఈ ఓపీలో మేము విడిగా ఒక పుస్తకం పెట్టాం. హిప్నాసిస్ చెయ్యకుండా వెనక్కి పంపినవాళ్ల వివరాలు, ఎందుకు పంపామో అందులో రాస్తారు. ఎవరి పేజీల్లో ఆ కారణాలు స్పష్టంగా ఉంటాయో వాళ్లకే ముందుగా క్లయింట్లను ఇస్తాం.

హోదా సంగతి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ హిప్నాసిస్‌ను వైద్యంలో వాడదగినదిగా గుర్తించాయి. వాళ్ల దృష్టిలో అది డాక్టర్ల చేతిలో ఒక పరికరం. డాక్టర్లు కానివాళ్లకు నేర్పే ప్రత్యేక బడులు వేరే పాయ. కాలిఫోర్నియాలో జాన్ కప్పాస్ 1968లో పెట్టిన హిప్నాసిస్ మోటివేషన్ ఇన్‌స్టిట్యూట్ ఆ పాయలో పేరున్నది. మన దేశంలో హిప్నోథెరపీకి విడిగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. మాస్టారు ఇచ్చే కాగితం ఎవరికీ జబ్బు నయం చేసే హక్కు ఇవ్వదు. ఈ మాట చేరే రోజునే విద్యార్థికి చెప్పి సంతకం తీసుకుంటున్నారు. సర్టిఫికెట్ మీద థెరపిస్టు అన్న మాట తీసేసి, వైద్యుడి పర్యవేక్షణలో రిలాక్సేషన్, హిప్నాసిస్ సహాయకులు అని రాస్తున్నారు.

మిగిలిన పని పాత బ్యాచ్‌లు. గోడకు పాత సర్టిఫికెట్ తగిలించుకుని డెల్టా ఊళ్లలో ఇంకా క్లయింట్లను చూస్తున్నవాళ్లున్నారు. మాస్టారు ఒక్కొక్కరికీ స్వయంగా ఫోన్ చేసి ఆదివారం ఓపీకి వచ్చి కూర్చోమని అడుగుతున్నారు, ఫీజు లేదు. కొందరు వచ్చారు, వాళ్లలో ఇద్దరు ఇప్పుడు అడిగే దశలో మళ్లీ మొదటి నుంచి చేస్తున్నారు. ఫోన్ ఎత్తనివాళ్ల ఊళ్లలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, క్లయింటును అడగాల్సిన ప్రశ్నలున్న కొత్త ఫారం, ఎవరిని హిప్నాసిస్‌కి పంపకూడదన్న కాగితం ఇచ్చి రావాలని నిర్ణయించాం. ఆ పని ఈ నెలలో మొదలైంది.